పన్నెండు నడుములకు పంచిన నొప్పి

ఇటు జరుగు అమ్మాయ్, నా పక్కకి. ఆ చివర ఎండ కొడుతుంది, పైగా నా గొంతు అంత దూరం రాదు. నీ టోకెన్ ఎంత? నలభై ఒకటా? లోపల ఇంకా ముప్ఫై ఆరో నంబరు దగ్గరే ఉన్నారు. టీలు కూడా ఇప్పుడే వెళ్ళాయి. బోలెడు తీరిక ఉంది మనకు.

నువ్వు కుడి చెయ్యి నేలకి ఆనించి ఒక పక్కకే ఒరిగి కూర్చున్నావు. చీర కింద నడుముకి ఏదో ఎత్తుగా కనపడుతోంది. నీ పెనిమిటి ఏమో చక్రాల కుర్చీలో హాయిగా కునుకు తీస్తున్నాడు. అందుకే పిలిచాను. ఆయన నొప్పి అంతా ఆయన దగ్గరే ఉందా, నువ్వేమైనా పుచ్చుకున్నావా? ఇప్పుడే చెప్పకు. ముందు నా మాట విను.

నా పేరు నాంచారమ్మ. చదువు రెండో తరగతితో సరి. అయినా నా కొడుక్కి దెబ్బ తగిలిన ఏడు ఏ రోజున ఎవరు ఏ మాటన్నారో, అన్నప్పుడు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా చెప్పగలను. మరిచిపోయే గుణం దేవుడు నాకివ్వలేదు. కోపం మాత్రం కొలవకుండా ఇచ్చాడు.

నా కొడుకు యల్లమంద మిర్చి యార్డులో హమాలీ. మార్చి నెల, సరుకు పోటెత్తే రోజులు. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు పదమూడు వరసల ఎత్తున పేర్చారు. టిక్కీ అంటే మిర్చి బస్తానమ్మా, ఒక్కొక్కటి నలభై కిలోల పైమాటే. పైకి ఎక్కడానికి వేసిన చెక్క బీటలు వారిందని వాళ్ళ హమాలీ ముఠా మేస్త్రి నాగుల్ మీరా వారం నుంచి గుమస్తాతో మొత్తుకుంటున్నాడు. "రేపు మార్పిద్దాంలే" అనేవాడు గుమస్తా. ఆ రేపు రాకముందే నా కొడుకు భుజాన టిక్కీతో సహా కిందకి వచ్చాడు. వెనకే ఇంకో నాలుగు టిక్కీలు వచ్చి వాడి నడుం మీద పడ్డాయి.

యజమాని ఆస్పత్రికి వచ్చాడు, రాలేదనకూడదు. గుమ్మంలోనే నిలబడి, "అతను మా మనిషి కాదమ్మా, ముఠా మనిషి" అని చెప్పి వెళ్ళిపోయాడు. మచ్చపడ్డ కాయని కల్లంలో పక్కకి విసిరేస్తారే, అలా.

వెన్నుపూసలు రెండు చితికాయి. మధ్యలో నరం నలిగింది. "కడ్డీలు వేసి బిగించాలి, నాలుగు నెలల్లోపు చెయ్యాలి, తర్వాత చేసినా కాళ్ళు రావు" అన్నాడు కోసే డాక్టరు. ఖర్చు ఎంతో విన్నాక నా కోడలు శేషారత్నం పొట్ట పట్టుకుని బెంచీ మీద కూలబడింది. అప్పటికి దానికి నాలుగో నెల. అక్కడే ఒక నర్సమ్మ చెప్పింది, ఒళ్ళు వంచి పనిచేసే వాళ్ళకి దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చంతా పెట్టుకునే బాసట నిధి ఉందని. దరఖాస్తు పెట్టాం. మూడు నెలల తర్వాత గురువారం రమ్మని చీటీ వచ్చింది. ఆ మూడు నెలలు వాడు మంచం మీద పక్క తిరగలేదు. పళ్ళు బిగపట్టి, తలగుడ్డ కొరికి కొరికి పీలికలు చేశాడు. ఇంట్లో గిన్నె కింద పడిన చప్పుడుకి కూడా వాడి ఒళ్ళు ఎగిరిపడేది.

ఇక్కడ నీకు ముఠా సంగతి ఒకటి చెప్పాలి. అందులో పన్నెండు మంది. ఎవడికైనా నడుం పట్టేస్తే వాడి వాటా టిక్కీలు మిగతా పదకొండు మందీ తలా కొన్ని మోసేస్తారు. దాన్ని వాళ్ళు భుజం మార్చడం అంటారు. మోసినవాడు చెప్పుకోడు, మోయించుకున్నవాడు దణ్ణం పెట్టడు. వాళ్ళ తాతల నాటి నుంచీ అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకో. మా కొంప ముంచింది ఈ మంచి బుద్ధే.

ఆస్పత్రి మూడో అంతస్తులో డాక్టర్ కృపావతి అని ఒకావిడ ఉండేది. చిన్న మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసేది. పదకొండేళ్ళు కష్టపడి ఒక పట్టీ తయారు చేసిందట. కాన్పు గదిలో తన అక్క పడ్డ బాధ చూసి మొదలుపెట్టానని చెప్పింది. నా కొడుకుని చూసి, "ఇతనికి కడతాను, తోడు ఎవరైనా ఉన్నారా?" అంది.

"నేను" అని శేషారత్నం లేచింది. కడుపుతో ఉన్నవాళ్ళకి కుదరదంది డాక్టరమ్మ. నాగుల్ మీరా చొక్కా పైకెత్తి ముందుకొచ్చాడు.

ఒక పట్టీ నా కొడుకు నడుముకి, ఒకటి మేస్త్రి నడుముకి కట్టింది. "ఎముక విరిగిన చోటే ఉంటుంది. నొప్పి వేస్తోందని నరం పంపే కబురు మాత్రం వేరే ఇంటికి పోతుంది" అంటూ చిన్న మర తిప్పింది. "యా అల్లా" అని నాగుల్ మీరా బల్ల పట్టుకుని వంగిపోయాడు. నా కొడుకు ముఖంలో మూడు నెలల నుంచి బిగుసుకుపోయిన దవడ మెల్లగా జారింది.

"అమ్మా, ఆకలేస్తంది" అన్నాడు.

ఆ మాటకి నేను ఏడ్చినంత ఏడుపు వాడు పడిన రోజున కూడా ఏడవలేదు.

"ఇది వాళ్ళది వాళ్ళకి తిరిగి ఇవ్వచ్చా?" అని అడిగాను. పట్టీకున్న ఎర్ర బొత్తాం చూపించింది డాక్టరమ్మ. "ఇవ్వచ్చు. కానీ ఒకసారి వెనక్కి పోయిన వంతు మళ్ళీ బయటికి రాదు. నరం తలుపేసుకుంటుంది."

"ఎనక్కెందుకిస్తామండీ?" అన్నాడు నాగుల్ మీరా, చెమటలు తుడుచుకుంటూ. "ఎత్తిన టిక్కీ దారిలో దించే ముఠా కాదు మాది."

రెండు రోజుల్లో పదకొండు మందీ వచ్చి తలా ఒక వంతు పుచ్చుకుపోయారు. చివర మిగిలింది నేను. అందరినీ బయటికి పంపి డాక్టరమ్మని అడిగాను, మిగిలినదాంట్లో పెద్ద ముక్క నాకియ్యమని. "మీ వయసుకి వద్దమ్మా" అంది. "వాణ్ణి కన్నప్పుడు వయసు అడిగారా ఎవరైనా?" అన్నాను. తల వంచుకుని మర తిప్పింది. పిర్ర నుంచి మడమ దాకా ఎర్రగా కాల్చిన తీగ దింపినట్టు ఉంది. ఎవరికీ చెప్పద్దని ఒట్టు వేయించుకున్నాను. వాడికి తెలిస్తే ఒప్పుకోడు.

ఆ పది రోజులు మా ఇంట్లో నవ్వు వినపడింది, నమ్ము. సాయంత్రం యార్డు దిగి పదకొండు మందీ నడుం మీద చెయ్యేసుకుని వరసగా వచ్చేవాళ్ళు, కొత్త కోడళ్ళ ఊరేగింపులాగా.

"పిన్నమ్మా, నమాజుకి వంగితే అల్లా గుర్తు రావాల, నీ కొడుకు గుర్తొస్తన్నాడు" అనేవాడు నాగుల్ మీరా.

"నాకైతే మా ఆవిడ మీద అరుద్దామని లేస్తానా, నడుం పట్టేసి మళ్ళీ కూలబడతన్నా. నీ పుణ్యాన కాపరం బాగుపడిందిరా యల్లమందా" అనేవాడు అంకారావు, నా కొడుకు జోడీ హమాలీ.

"అయితే ఇంకాస్త పుచ్చుకో, పాపం వదిన ఇంకా సుఖపడుద్ది" అనేవాడు నా కొడుకు. మంచం మీద పడుకునే, కాళ్ళు కదలకపోయినా, నవ్వేవాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని మడమ నేలకేసి నొక్కి పట్టుకుని నవ్వేదాన్ని.

గురువారం వచ్చింది. ఇదిగో ఇదే వసారా. అదిగో గోడ మీద పెద్ద అక్షరాలు, "మీ నొప్పి మా నొప్పి" అని. నేను కూడబలుక్కుంటుంటే శేషారత్నం చదివి చెప్పింది. ఎంత మంచి మాట అని గోడకి దణ్ణం పెట్టాను. సిగ్గుగా ఉంది ఇప్పుడు చెప్పుకోవాలంటే.

లోపల కుర్చీ ఉంటుంది, నువ్వూ చూస్తావు. వీపుకి చల్లగా తగులుతుంది, ఎదురుగా అద్దంలో అంకె వెలుగుతుంది. మా వాళ్ళు దానికి నొప్పి కాటా అని పేరు పెట్టారు. వంద వరకూ తూస్తుంది. అరవైకి చేరితే సాయం. పూర్వం డాక్టర్ల కాగితాలు చూసేవాళ్ళట, దొంగ కాగితాలు ఎక్కువయ్యాయని ఈ కుర్చీ తెచ్చారట.

నా కొడుకుని నలుగురు ఎత్తి కూర్చోబెట్టారు. అంకె తొమ్మిది దగ్గర ఆగింది.

"తొమ్మిది" అన్నాడు ఆఫీసరు ప్రభాకరం. నీలం గళ్ళ చొక్కా, జేబులో రెండు పెన్నులు. "తిరస్కరణ. తర్వాత ఎవరు?"

"ఆగండయ్యా" అని నాగుల్ మీరా అడ్డం పడ్డాడు. "మిగతాది మా దగ్గరుంది. పదకొండు మందిమి పంచుకున్నాం. ఇదిగో పట్టీలు."

"అయితే అది మీ నొప్పి. మీరు దరఖాస్తు పెట్టుకోండి."

"మాకు ఎముకలు విరగలేదు కదండీ."

"మరి మీకెందుకు సాయం?"

నాగుల్ మీరా తనే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నాలుగు వచ్చింది. అంకారావు కూర్చున్నాడు, నాలుగే. "కూడుకోండి సారూ" అన్నాడు అంకారావు. "యార్డులో ఒకే రైతు సరుకు పది బళ్ళ మీద వచ్చినా అంతా కలిపే తూస్తాం. బండికో రైతని రాసుకోం."

"ఫారంలో ఒకే పేరుకి చోటుంది" అన్నాడు ప్రభాకరం. "అయినా ఇతనికి తోడుగా ఇంతమంది ఉన్నారు. ఇతని నొప్పి తొమ్మిది. ఎవరూ లేనివాళ్ళు వసారాలో ఎంతమంది ఉన్నారో చూశారా?"

నేను ఎక్స్-రే ఫిల్ము ఆయన బల్ల మీద పెట్టాను. "ఇందులో విరిగిన ఎముక కనపడతందా లేదా?"

"కనపడుతోందమ్మా."

"మరి?"

"ఫిల్ము చూసి ఇచ్చే అధికారం ఇప్పుడు మాకు లేదు."

అప్పుడు లేచింది నా కోపం. గోడ వైపు చెయ్యి చూపించి అడిగాను. "మీ నొప్పి మా నొప్పి అని రాశారుగా. అయితే రా నాయనా. ఒక పట్టీ నీకు కడతాం. అరగంట చాలు. నా కొడుకు నడుం ఎట్టా ఉందో నీ నడుమే చెబుద్ది."

ఆయన కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. గోడకి తగిలేదాకా లాక్కున్నాడు. "దానికీ నాకు అధికారం లేదమ్మా" అన్నాడు.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈ రోజుకీ రాలేదు.

డాక్టర్ కృపావతి మర్నాడే పరిగెత్తుకొచ్చి ప్రభాకరాన్ని కలిసింది. గంటసేపు ఇదే వసారాలో నిలబెట్టాడు ఆవిణ్ణి. "మీ పట్టీ మా నియమాల్లో లేదు మేడం, కుర్చీ ఉంది" అని పంపేశాడు. మా ఇంటికొచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఆ రోజు పెన్ను మూత ఎక్కడో పోగొట్టుకుంది, వేళ్ళ నిండా సిరా. "బాధ తగ్గాలని చేశానమ్మా. నా పట్టీని అడ్డం పెట్టి ఇలా కాదంటారని కల్లో కూడా అనుకోలేదు" అంది.

నాలుగు నెలల గడువుకి పదిహేను రోజులుంది. వచ్చే గురువారం ఒక్కటే దారి.

నా కొడుకే అన్నాడు ఆ మాట. "అన్నా, ఎవరిది వాళ్ళు వెనక్కిచ్చేయండి."

"నోర్ముయ్" అన్నాడు నాగుల్ మీరా.

"కుర్చీలో కూర్చునే దాకానే కదా."

"కాదు" అంది డాక్టరమ్మ. "ఇచ్చింది మళ్ళీ రాదు యల్లమందా. ఆపరేషన్ అయి, పుండు మానేదాకా మొత్తం నువ్వే భరించాలి. ఒక్కసారిగా వస్తే గుండె తట్టుకుంటుందో లేదో కూడా చెప్పలేను."

"కాళ్ళు లేకపోతే పుట్టే బిడ్డనెట్టా ఎత్తుకోనండీ?" అన్నాడు వాడు. శేషారత్నం వాడి తల దగ్గర కూర్చుని తలగుడ్డ మడతలు విప్పి మళ్ళీ మడతపెడుతూ ఉంది.

రెండో గురువారం. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లో తలగుడ్డ కుక్కాం. డాక్టరమ్మ నాడి పట్టుకుంది. పదకొండు మందీ గోడ పక్కన నిలబడ్డారు. నాగుల్ మీరా అందరికంటే ముందు బొత్తాం నొక్కాలి, మేస్త్రి కాబట్టి. బండ లాంటి మనిషి, ఆ చిన్న బొత్తాం నొక్కడానికి రెండు చేతులూ వాడాడు. తర్వాత అంకారావు. ముఠాలో బరువు దించేటప్పుడు అందరూ కలిసి కేక పెడతారు, అలవాటు. ఆ రోజు ఎవరి గొంతూ లేవలేదు. ఒక్కొక్కరు నొక్కినప్పుడల్లా నా కొడుకు ఒళ్ళు కుర్చీలోంచి ఎగిరిపడింది. ఒక్కొక్కరి నడుం నిటారుగా లేచింది. మంచి నడుములు దొరికినందుకు సిగ్గుపడి పదకొండు మంది మగాళ్ళు ముఖాలు గోడకి తిప్పుకున్నారు. అది చూశాను నేను.

అంకె యాభై మూడు దగ్గర ఆగింది.

"ఏడు తక్కువ" అన్నాడు ప్రభాకరం. ఆ రోజు తెల్ల చొక్కా.

"అందరూ ఇచ్చేశారు కదా" అంది శేషారత్నం. డాక్టరమ్మ నా వైపు చూసింది. నా కొడుకూ చూశాడు. అప్పుడు అర్థమైంది వాడికి. తలగుడ్డ ఉమ్మేసి, "అమ్మా, నీ దగ్గరెంతుంది?" అన్నాడు.

నేను కొంగు నడుం చుట్టూ గట్టిగా లాక్కున్నాను.

"వద్దులే. పోదాం పద. యాభై మూడుకే పోదాం" అన్నాడు. నొప్పితో కళ్ళు పైకి తేలిపోతున్నాయి, అయినా నన్నే చూస్తున్నాడు.

"త్వరగా తేల్చండమ్మా, భోజనం వేళయింది" అన్నాడు ప్రభాకరం.

అమ్మాయ్, నువ్వు బిడ్డల తల్లివో కాదో నాకు తెలియదు. వాణ్ణి కన్నప్పుడు రెండు పగళ్ళు పడ్డ నొప్పి వాడి కోసం నేను పడ్డాను. ఆ రోజు వాడి నొప్పిని నా చేత్తో నేనే వాడికి తిరిగి ఇచ్చాను. ఎందుకంటే ఒక అద్దం మీద అంకె పెరగాలి కాబట్టి. కొంగు నోట్లో పెట్టుకుని బొత్తాం నొక్కాను. నా కాలిలో తీగ చల్లబడింది. అంత హాయి నాకు జన్మలో ఎప్పుడూ తెలియదు, ఆ హాయిని తలుచుకుంటే నాకు ఈ రోజుకీ అసహ్యం.

వాడు అరిచిన అరుపుకి వసారాలో ఉన్న జనమంతా లేచి నిలబడ్డారు. అద్దం మీద ఎనభై ఏడు.

ప్రభాకరం ముద్ర గుద్దాడు. కాగితం శేషారత్నం చేతికిస్తూ ఏమన్నాడో తెలుసా?

"మొదటిసారే ఇలా వచ్చి ఉంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదు కదమ్మా" అన్నాడు. మెత్తగా అన్నాడు. మంచిమాట చెబుతున్నాననుకున్నాడు. ఆ మెత్తదనానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. దొరికితే లోపలికి వెళ్ళి చెప్పి వస్తాను.

ఆపరేషన్ బల్ల ఎక్కడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ, తర్వాత పుండు మానిన నలభై రోజులూ ఎవరూ ఏమీ పుచ్చుకోలేకపోయారు. ముఠావాళ్ళు వంతులేసుకుని వచ్చి మంచం పక్కన కూర్చునేవాళ్ళు. ఎప్పుడూ ఏదో ఒకటి మోసే చేతులు, ఒళ్ళో ఖాళీగా పెట్టుకుని. డాక్టరమ్మ ఆ పట్టీ ఇవ్వడం ఆపేద్దామనుకుందట, కానీ అప్పటికే ఊళ్ళు తిరిగిపోయింది. నీ దాకా వచ్చిందిగా.

కాళ్ళు వచ్చాయి. అబద్ధం ఎందుకు, వచ్చాయి. కర్ర పట్టుకుని నడుస్తాడు, యార్డు గేటు దగ్గర చీటీలు రాస్తాడు. పిల్లకి ఐదేళ్ళు. మొన్న మెట్లు దిగుతూ వాడు ఆగితే, ఆ పిల్ల పరిగెత్తి వాడి చెయ్యి కింద తన భుజం పెట్టింది. ఎవరూ నేర్పలేదు దానికి. ముఠా రక్తం.

"నొప్పా నాన్నా?" అంది.

"ఏం లేదమ్మా" అని వాడు చెయ్యి తీసేసి గోడ పట్టుకున్నాడు.

ఐదేళ్ళుగా అదే మాట. నేనడిగినా ఏం లేదు, శేషారత్నం అడిగినా ఏం లేదు. నాగుల్ మీరా భుజం ఇస్తే పక్కకి తప్పుకుంటాడు. ముందు గోడ, తర్వాతే మనిషి. నిధి వాళ్ళు నా కొడుక్కి కాళ్ళిచ్చారు, మోయించుకోవడం మరిపించారు. ఏ కుర్చీ మీద అయినా తూస్తారా దీన్ని?

అందుకే ప్రతి గురువారం వచ్చి ఈ వసారాలో కూర్చుంటాను. బంట్రోతు వెళ్ళిపొమ్మంటాడు. నా వంతు ఇంకా రాలేదంటాను.

అదిగో, నలభై పిలుస్తున్నారు. తర్వాత నువ్వే. పట్టీ మీద చెయ్యి పెట్టావు, చూశాను. ఇచ్చెయ్యమని నేను చెప్పను, అంత పాపం ఒకసారి చేసినదాన్ని, ఇంకొకరి చేత చేయించలేను. ఉంచుకోమనీ చెప్పను, నీ పెనిమిటికి సాయం పోతుందేమో. లోపల నీకేది తోస్తే అది చెయ్యి. ఒక్కటి మాత్రం నాకు మాటియ్యి. బయటికొచ్చాక, నీ పని అయినా కాకపోయినా, ఇక్కడ నడుం మీద చెయ్యేసుకుని కూర్చున్న మనిషి పక్కన కాసేపు కూర్చుని మా సంగతి చెప్పు. యల్లమంద, నాగుల్ మీరా, అంకారావు, వాళ్ళ ముఠా అని చెప్పు. ఎనభై ఏడులో ముప్ఫై నాలుగు యల్లమంద తల్లి నాంచారమ్మ చేతి వేలు వేసిందని కూడా చెప్పు. దాచిపెట్టకు. పేర్లతో సహా చెప్పు.